స్పానిష్ క్లాసుల్లో చాట్ భాషకి చోటేది?

ఎడిటర్ గారికి నమస్కారం.

విదేశీ భాషలు నేర్చుకుంటే ఉద్యోగాలు ఎలా వస్తాయో చెబుతూ మీ కెరీర్ పేజీలో ఈ మధ్య వేసిన వ్యాసం చదివాను. స్పానిష్ గురించి బాగానే రాశారు. 20 దేశాల్లో అధికార భాష అని, ఏ1 నుంచి సీ2 దాకా 6 లెవెల్స్ అని, డెలే అనే స్పానిష్ పరీక్ష సర్టిఫికెట్‌కి విలువ ఉందని, అన్నీ కరెక్టే. కానీ బీ1 పాసైన పిల్లలకి కూడా ఫోన్‌కి వచ్చే ఒక్క లైను మెసేజ్ అర్థం కాదన్న సంగతి ఎవరూ రాయరు, ఆ వ్యాసంలోనూ లేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, చోటు చాలకపోతే కత్తిరించుకోండి గానీ తిట్ల గురించి రాసిన పేరా మాత్రం ఉంచండి, కొత్తగా నేర్చుకునేవాళ్లకి అదే ఎక్కువ అవసరం.

నేను హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో మెక్సికో, కొలంబియా టీమ్‌లతో పనిచేస్తాను. మీటింగుల్లో వాళ్లు మాట్లాడే స్పానిష్ పుస్తకాల్లోదానికి దగ్గరగానే ఉంటుంది, ఈమెయిల్స్ అయితే మరీ మర్యాదగా ఉంటాయి. అసలు పని నడిచేది వాట్సాప్‌లో. ఫైలు చేరిందా, కాల్ ఎన్నింటికి, ఇవాళ ఎవరు లీవు, అన్నీ అక్కడే. ఆ భాష మాత్రం ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ కనపడదు. కొత్తగా చేరిన పిల్లలు, ఇన్‌స్టిట్యూట్‌లో వేలకి వేలు ఫీజు కట్టి నేర్చుకున్నవాళ్లే, ఆ గ్రూప్ తెరిచి బిక్కమొహం వేస్తారు. గ్రామర్ రాక కాదు, సబ్జంక్టివ్ లాంటి కష్టమైన క్రియారూపాల గురించి అడిగితే టకటకా చెప్పేస్తారు. వాళ్లకి ఇలాంటి రాత ఒకటుందని చెప్పినవాళ్లే లేరు.

ఎలా ఉంటుందో ఒక మెసేజ్ చూపిస్తాను. మీ పేపర్లో ఇంగ్లీష్ అక్షరాలు వేయరు కాబట్టి విడివిడి అక్షరాల్ని వాటి పేర్లతోనే రాస్తున్నా, చదివేవాళ్లు మనసులో మార్చుకోవాలి. "ఓలా, కె తాల్? టి-బి తోయ్ సలియెందో డి లా ఓఫి. టి అవీసో ఎక్స్-క్యూ నో సె సి యేగో. ఎన్-టి-పి." దీన్ని డిక్షనరీలో వెతికితే సగం మాటలు దొరకవు. విప్పితే మాత్రం ఏమీ లేదు, మొదటి లెవెల్ స్పానిష్. టి-బి అంటే తంబియెన్, కూడా అని. తోయ్ అంటే ఎస్తోయ్. ఒక్క డి అక్షరం "దే" అనే మాట, ఒక్క టి "తే" అనే మాట, ఎందుకంటే స్పానిష్‌లో ఆ అక్షరాల పేర్లే అవి. ఓఫి అంటే ఒఫిసీనా. ఎక్స్-క్యూ అంటే పోర్కే. ఎన్-టి-పి అంటే నో తే ప్రెయొకూపెస్. మొత్తం కలిపి, "హలో, ఎలా ఉన్నావ్? నేను కూడా ఆఫీసు నుంచి బయల్దేరుతున్నా. రాగలనో లేదో తెలీదు కాబట్టి మళ్లీ చెప్తా. కంగారు పడకు." అంతే.

ఎక్స్ అక్షరం "పోర్" ఎలా అయిందని అందరూ అడుగుతారు. స్కూల్లో ఎక్కం చదివేటప్పుడు గుణకారం గుర్తుని వాళ్లు పోర్ అంటారు, 2 పోర్ 3 అంటే 6. ఆ గుర్తు, ఎక్స్ అక్షరం ఒకేలా ఉంటాయి కదా, అలా ఫోన్‌లోకి వచ్చేసింది. ఎక్స్-ఎఫ్-ఏ అంటే పోర్ఫా, అంటే పోర్ ఫవోర్, ప్లీజ్. ఇదే దారిలో ప్లస్ గుర్తుని మాస్ అని, మైనస్‌ని మేనోస్ అని చదువుతారు. ఎలా ఉన్నావంటే ప్లస్, ఓ, మైనస్ అని మూడు గుర్తులు వచ్చాయనుకోండి, మాస్ ఓ మేనోస్, ఏదో అలా ఉన్నా అని అర్థం. అంకెలు కూడా ఇంతే. రెండుని దోస్ అంటారు కాబట్టి సాలు పక్కన 2 వేస్తే సలూదోస్, అంటే నమస్కారాలు, ఏ పక్కన 2 వేస్తే అదియోస్, అంటే వెళ్లొస్తా, 100 పక్కన పి-ఆర్-ఇ వేస్తే సియెంప్రే, అంటే ఎప్పుడూ అని. ఈ చివరిదానికి ఒక చిన్న తమాషా ఉంది. లాటిన్ అమెరికాలో వందని సియెన్ అంటారు కాబట్టి అది సరిగ్గా అతుకుతుంది. మాడ్రిడ్‌లో వందని నాలుక పళ్ల మధ్య పెట్టి థియెన్ అంటారు, అక్కడ సరిగ్గా అతకదు, అయినా రాస్తారు. కుదిరిందా లేదా అని ఎవరూ పట్టించుకోరు.

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది ఒంటరి కె. మనకి కె అంటే ఓకే, అదీ కొంచెం ముభావంగా. స్పానిష్‌లో కె అంటే "కే", ఏంటి అని. వాళ్లు కె అని పెట్టి పక్కన ప్రశ్న గుర్తు మర్చిపోతే మనవాడు సరే అన్నారనుకుని చాట్ మూసేస్తాడు, అవతలివాళ్లు జవాబు కోసం చూస్తూ కూర్చుంటారు. ఇంకో మాట, స్పెయిన్‌లో చాలామంది ఇప్పుడు కె రాయడాన్ని కొంచెం చిన్నచూపు చూస్తారు, పాత ఫోన్ల కాలం రాత అనో చదువు తక్కువ రాత అనో. క్యూ రాస్తే అంత ఇబ్బంది లేదు. రెండూ "కే"నే, కానీ రాసినవాళ్ల గురించి చదివేవాళ్లు వేరువేరుగా అనుకుంటారు. ఇలాంటివి డిక్షనరీ చెప్పదు.

నవ్వు సంగతి కూడా చెప్పాలి. వాళ్ల జె అక్షరానికి హ శబ్దం. కాబట్టి తెర మీద జజజ అని కనపడేది హహహ. ఒక్క "హ" పెడితే వెటకారం. రెండు పెడితే మర్యాద నవ్వు. కీబోర్డు మీద చెయ్యి పడిపోయినట్టు లైనంతా ఉంటే నిజంగా నవ్వారని.

ఇవన్నీ బట్టీ పట్టాల్సినవి కావు, నా గోల అదే. ఒకే ఒక్క అలవాటు చేసుకుంటే ముప్పావు వంతు దానంతటదే విడిపోతుంది: మెసేజ్‌ని కళ్లతో కాకుండా నోటితో చదవాలి. స్పానిష్‌లో హెచ్ పలకదు, బి, వి రెండిటికీ ఒకటే శబ్దం, రెండు ఎల్‌లు కలిసి వస్తే చాలా చోట్ల వై లాగే పలుకుతుంది. అందుకే తొందరగా కొట్టేవాళ్లు హెచ్ వదిలేస్తారు, బి బదులు వి, రెండు ఎల్‌ల బదులు వై వేస్తారు. స్పానిష్ తల్లిభాష అయినవాళ్లు కూడా "అ వేర్", అంటే చూద్దాం అనే మాటని, "ఉండు" అనే అర్థమున్న అబేర్ అనే క్రియలాగా రాసేస్తుంటారు, రెండూ పలకడానికి ఒకటే మరి. కంటితో చూసే విద్యార్థికి అది కొత్త మాట. నోటితో చదివే విద్యార్థికి తెలిసిన మాటే. పైగా ఈ పని మనకి కొత్తేం కాదు. తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో, అచ్చులు సగం మింగేసి, ఒత్తులు వదిలేసి "ఎక్కడున్నావ్" అని కొడితే ఏ ఇబ్బందీ లేకుండా చదివేస్తున్నాం, అవతలివాళ్లు ఏ స్పెల్లింగ్ వాడినా సరే. ఆ నేర్పు ఉన్నవాళ్లకి ఇదెంత.

మాటలు తెంపడంలో కూడా ఒక పద్ధతి ఉంది, అది పసిగడితే చాలా హాయి. పొడుగు మాటలో మొదటి రెండు అక్షరాలు ఉంచుకుని మిగతాది వదిలేస్తారు. సినిమాకి పెలీకులా బదులు పెలి, ప్రొఫెసోర్ బదులు ప్రొఫె, యూనివర్సిటీకి ఊని, సైకిల్‌కి బీసి, పుట్టినరోజుకి కుంప్లె, లాటిన్ అమెరికాలో కంప్యూటర్‌కి కొంపు. మెక్సికోలో ఫ్లాట్‌ని దేపా అంటారు. వారాంతాన్ని ఫిన్ దె సెమానా అనడం బద్ధకమై ఫిందే అన్నారు, ఆ ఫిందేని 1713లో పుట్టిన స్పానిష్ రాయల్ అకాడమీయే 2020లో తన డిక్షనరీలో చేర్చుకుంది. మూడొందల ఏళ్ల అకాడమీకి లేని అభ్యంతరం మన క్లాసు టీచర్లకి ఎందుకో నాకు తెలీదు.

ఈ పొట్టి రాతల వెనక పాత ఎస్సెమ్మెస్‌ల కథ కూడా ఉంది. ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు, దాటితే ఇంకో మెసేజ్ చార్జీ, అది అందరికీ గుర్తే. స్పానిష్ వాళ్లకి ఇంకో చిక్కు. ఆ 160 అక్షరాల లెక్క ఒక చిన్న పట్టికలో ఉన్న అక్షరాలకే వర్తిస్తుంది. అందులో వాళ్ల "న్య" అక్షరం, అంటే నెత్తిన వంకర టోపీ ఉన్న ఎన్, ఉంది, తలకిందుల ప్రశ్న గుర్తు ఉంది, ఇ మీద వాలుగీత ఉన్నది కూడా ఉంది, కానీ ఏ, ఐ, ఓ, యు అక్షరాల మీద అదే వాలుగీత పెట్టినవి లేవు. వాటిలో ఒక్కటి కొట్టినా మెసేజ్ మొత్తం వేరే పద్ధతిలోకి మారి 70 అక్షరాలకే నిండిపోయేది. తెలుగులో ఎస్సెమ్మెస్ పంపితే ఇప్పటికీ ఆ 70 లెక్కే, మనవాళ్లు ఇంగ్లీష్ అక్షరాలకి అలవాటు పడటానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి. స్పానిష్ వాళ్లేమో గీతలు వదిలేశారు. స్మార్ట్‌ఫోన్లు వచ్చి అక్షరాల లెక్క పోయినా ఆ అలవాటు పోలేదు.

గీత లేకపోతే ఏం పోయింది అనుకోవద్దు. "సి"కి గీత ఉంటే అవును, లేకపోతే "ఒకవేళ". "తు"కి గీత ఉంటే నువ్వు, లేకపోతే నీ. "న్య" మీది టోపీ తీసేస్తే ఇంకా ప్రమాదం. వయసు చెప్పేటప్పుడు అన్యోస్, అంటే ఏళ్లు, అనాల్సిన చోట అనోస్ అని రాస్తే ఏ శరీరభాగం పేరు వస్తుందో పేపర్లో రాయలేను. వాళ్లలో వాళ్లు రాసుకుంటే ఎవరికీ పట్టదు, కొత్తగా నేర్చుకునేవాళ్లు రాస్తే స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటారు. కాబట్టి చదివేటప్పుడు గీతలు లేకపోయినా చదవడం నేర్చుకోవాలి, రాసేటప్పుడు మాత్రం పెట్టాలి.

ప్రశ్న గుర్తు గురించి చాలా తక్కువమంది చెబుతారు. స్పానిష్‌లో వాక్యం మొదట్లో తలకిందుల ప్రశ్న గుర్తు పెట్టాలని అకాడమీ 1754లోనే చెప్పింది. చాట్‌లో దాన్ని పెట్టేవాళ్లు తక్కువ, చాలాసార్లు చివరిది కూడా పెట్టరు. మనకి "రేపు వస్తావ్" వేరు, "రేపు వస్తావా" వేరు, చివర ఒక్క దీర్ఘంతో ప్రశ్న అయిపోతుంది. స్పానిష్‌లో ఆ దీర్ఘం లేదు. "వియెనెస్ మన్యానా" అని వచ్చిందంటే రేపు వస్తున్నావని చెబుతున్నారా, వస్తావా అని అడుగుతున్నారా? ముందు రెండు మెసేజ్‌లు చదివితే గానీ తేలదు. మా దగ్గర కొత్తవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే, అనుమానం వస్తే మర్యాదగా తిరిగి అడగండి, అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక స్లాంగ్. ఇక్కడ నాకు కోపం తెప్పించేది రీల్స్. "ఈ 10 మాటలు వాడితే పక్కా నేటివ్‌లా మాట్లాడొచ్చు" అంటూ రోజుకొకటి వస్తుంది, ఏ దేశం మాటో చెప్పరు. బాగుంది, అదిరింది అనడానికి స్పెయిన్‌లో గ్వాయ్, మెక్సికోలో చీదో లేదా పాద్రే, కొలంబియా, వెనెజువెలాల్లో చేవెరే, చిలీ, పెరూల్లో బకాన్, అర్జెంటీనాలో కొపాదో. అన్నీ కలిపి ఒకే మనిషి వాడితే, గుంటూరు, సిద్దిపేట, శ్రీకాకుళం యాసలు మూడూ ఒకే వాక్యంలో కలిపి కొట్టినట్టే. తప్పేం కాదు, కానీ విన్నవాళ్లు నవ్వాపుకోలేరు.

నవ్వుతో పోయేవి పర్లేదు, పనికి అడ్డం పడేవి ఉన్నాయి. తింతో అంటే స్పెయిన్‌లో రెడ్ వైన్, కొలంబియాలో బ్లాక్ కాఫీ. పొద్దున తొమ్మిదింటికి బొగొతా ఆఫీసులో తింతో తాగుతావా అని అడిగితే కంగారు పడక్కర్లేదు. అదే కొలంబియాలో "మే రెగాలా" అంటే పుస్తకం ప్రకారం నాకు కానుకగా ఇస్తారా అని, కానీ అక్కడ డబ్బులిచ్చి కొనే కాఫీకీ, సంతకానికీ, ఒక్క నిమిషం టైముకీ అదే మాట, ఇవ్వండి అని అంతే. గ్వాగ్వా అంటే క్యూబాలో, కెనరీ దీవుల్లో బస్సు, చిలీలో, పెరూలో చంటిపిల్ల. కొహేర్ అనే క్రియ స్పెయిన్‌లో బస్సు పట్టుకోవడానికీ ఫోన్ ఎత్తడానికీ పొద్దస్తమానం వాడతారు, మెక్సికోలో, అర్జెంటీనాలో నలుగురిలో అనకూడని మాట. స్పెయిన్ పుస్తకాలతో నేర్చుకుని మెక్సికో క్లయింట్‌తో మాట్లాడబోయేవాళ్లకి ఈ ఒక్కటి ముందే చెప్పకపోవడం అన్యాయం.

మెక్సికో వాళ్ల "అవొరీతా" గురించి విడిగా చెప్పాలి. అవోరా అంటే ఇప్పుడు, దానికి ఇతా తగిలిస్తే ఇంకా ముద్దుగా ఇప్పుడే అని పుస్తకం లెక్క. ఫైలు అవొరీతా పంపిస్తా అని మెసేజ్ వస్తే అది ఈ నిమిషం కావచ్చు, లంచ్ తర్వాత కావచ్చు, రేపు కావచ్చు. మన "ఇదిగో వచ్చేస్తున్నా, దార్లో ఉన్నా" తెలిసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. డెడ్‌లైన్ ఉంటే ఎన్నింటికి అని గంట అడిగి రాయించుకోవాలి, అదొక్కటే మార్గం. సరే అనడానికి కూడా ఊరికో మాట ఉంది. స్పెయిన్‌లో బాలే, అర్జెంటీనాలో దాలే, కొలంబియాలో లీస్తో, మెక్సికోలో సాలే. అవును, సాలే. హైదరాబాదీ చెవికి అదెలా వినపడుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఫోన్‌లో అవతలి మెక్సికన్ ఎంతో ప్రేమగా "సాలే, సాలే" అంటుంటే ఇవతల మనవాడి మొహం ఎర్రబడటం చూడాలి.

ఇప్పుడు తిట్లు. పేరాలు కత్తిరించినా దీన్ని ఉంచమన్నది ఇందుకే. చాట్‌లో మూడక్షరాల పొట్టి మాటలు కొన్ని ఎంత మామూలుగా తిరుగుతాయంటే, చూసేవాళ్లకి ఎల్-ఓ-ఎల్ లాంటివే అనిపిస్తాయి. మెక్సికో చాట్‌లో ఏ-ఎల్-వి పదిసార్లు కనపడుతుంది, ఆశ్చర్యానికి, కోపానికి, సంతోషానికి అన్నిటికీ. అందులో వి అక్షరం మగవాళ్ల అంగం. స్పెయిన్ వాళ్ల ఎన్-పి-ఐ అంటే నాకేం తెలీదు అని, కానీ మధ్యలో పి దగ్గర బూతు ఉంది. పైన చెప్పిన ఎన్-టి-పి ఎంత సౌమ్యమైనదో, ఇది అంత ముతక, చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. సి-టి-ఎం అయితే చిలీలో ఒక తిట్టు, మెక్సికోలో వేరే తిట్టు, అక్షరాలు అవే, రెండు చోట్లా పోయేది అమ్మ మీదికే. హెచ్-డి-పి కూడా ఆ బాపతే. పది మంది వాడుతున్నారు కదా అని కొత్తవాళ్లు గ్రూప్‌లో పెట్టారంటే, బూతు కన్నా పెద్ద సమస్య, అది తెలిసే పెట్టారా తెలీక పెట్టారా అని అవతలివాళ్లు తేల్చుకోలేకపోవడం. నా మాట వినండి, అర్థం తెలుసుకోండి, వేలితో ముట్టుకోకండి.

స్నేహితుల మధ్య పిలుపులు ఇంకో రకం. మెక్సికోలో కుర్రాళ్లు మాటకి ముందు ఒకటి, వెనక ఒకటి "వే" అంటారు. ఎద్దు అనే మాట నుంచి పుట్టింది, ఒకప్పుడు మొద్దు అని తిట్టు, ఇప్పుడు ఒరేయ్ లాంటిది. అర్జెంటీనాలో బొలూదో కూడా అంతే, స్వరాన్ని బట్టి తిట్టు, స్వరాన్ని బట్టి ప్రేమ. స్పెయిన్‌లో తోటివాణ్ని తీయో అంటారు, అక్షరాలా మావయ్యో బాబాయో, మన కుర్రాళ్లు "మామా" అనుకోవడం లేదూ, అలాగే. అనువాద యాప్ అంకుల్ అని చూపిస్తే నమ్మొద్దు. అయితే మామా అనేది మనం ఎవరిని అంటాం, ఎవరిని అనం? బాస్‌ని అనం, మొదటి రోజు పరిచయమైనవాణ్ని అనం. ఆ లెక్క అక్కడా ఉంది. నువ్వు, మీరు తేడా ఉన్న భాష నుంచి వెళ్తున్నాం కాబట్టి, తు, ఉస్తెద్ తేడా మనకి ఇంగ్లీష్ వాళ్ల కన్నా తొందరగా పట్టుబడుతుంది. కాకపోతే ఒక మెలిక, బొగొతాలో సొంత అన్నదమ్ములు, ప్రాణస్నేహితులు కూడా ఉస్తెద్ అనుకుంటారు. అక్కడ ఉస్తెద్ వినగానే దూరం పెట్టారని బాధపడకూడదు. అర్జెంటీనాలో తు అనేదే వాడరు, బోస్ అంటారు, దానికి క్రియలే మారిపోతాయి.

టి-క్యూ-ఎం చూసి గాభరా పడినవాళ్లని కూడా చూశాను. తే కియెరో ముచో. యాప్‌లో పెడితే ఐ లవ్ యూ అని వస్తుంది. అది ఫ్రెండ్స్, అక్కాచెల్లెళ్లు, పక్క సీటు ఆవిడ, అందరూ పంపుకునేదే. ప్రేమ వ్యవహారమైతే సాధారణంగా "తే ఆమో" అంటారు. బి-ఎస్-ఎస్ అంటే బేసోస్, ముద్దులు, అదీ మెసేజ్ చివర మర్యాదకి పెట్టేదే. ఊరికే ఊహలు పెంచుకోవద్దని మా కుర్రాళ్లకి మరీమరీ చెబుతుంటాను.

ఇదంతా స్పానిషే కాదు, చెత్త, మా దగ్గర స్వచ్ఛమైన భాషే నేర్పుతాం అనే టీచర్లున్నారు. వాళ్లకి ఒక్క విషయం చెప్పాలి. స్పెయిన్‌లో రోజూ వినపడే చవాల్, అంటే కుర్రాడు, కుర్రార్, అంటే పని చేయడం (మన కుర్రాడితో కలిపేసుకోకండి), ఇవి అక్కడి జిప్సీలు మాట్లాడే "కలో" అనే భాష నుంచి వచ్చాయి. ఆ జనం స్పెయిన్‌లో ఉన్నట్టు మొదటి రికార్డు 1425 నాటిది, వాళ్ల మూలభాష రొమానీ పుట్టింది ఉత్తర భారతంలో. కలోలో నీళ్లని పన్యీ అంటారు, పానీపూరీ తినే ఏ పిల్లకైనా అది అర్థమవుతుంది. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఏరీస్ స్లాంగ్‌ని లుంఫార్దో అంటారు, అది పేటల్లో, వలస వచ్చిన ఇటాలియన్ల మధ్య పెరిగింది, పని అనే మాటకి లబూరో అని ఇటాలియన్ నుంచే తెచ్చుకున్నారు. మాటల్ని తిరగేసి పలకడం వాళ్లకో సరదా, టాంగోని గోతాన్ అంటారు, కాఫీకి కఫే తిప్పి ఫెకా అంటారు, మనం చిన్నప్పుడు క-భాష మాట్లాడుకున్నట్టు. దానికోసం 1962లో ఒక అకాడమీయే పెట్టుకున్నారు. వాళ్లు అంత విలువ ఇచ్చుకున్నదాన్ని మనం ఇక్కడ కూర్చుని చెత్త అనడం ఏంటి?

పైగా స్వచ్ఛం అని పట్టుబట్టేవాళ్లు మర్చిపోయేది ఏంటంటే, ఇప్పటి కుర్రకారు ఆ పాత పొట్టి రాతలు కూడా సగం వదిలేస్తున్నారు. ఇంగ్లీష్ కలిపేస్తున్నారు, బ్రో, రాండం, క్రష్, ఎవరి ప్రొఫైల్ అయినా రహస్యంగా చూస్తే ఎస్తాల్కెయార్. స్పెయిన్ టీనేజర్లు మాటకొకసారి "ఎన్ ప్లాన్" అంటారు, దానికి అర్థం వెతకక్కర్లేదు, మనం మాట తడుముకుంటూ "అంటే... అంటే" అన్నట్టే. ఏ లిస్టు ఇచ్చినా రెండేళ్లలో పాతబడుతుంది. కాబట్టి లిస్టులు ఇవ్వమని నేను అడగడం లేదు. వారానికి ఒక గంట నిజమైన మెసేజ్‌లు, పేర్లు తీసేసి, బోర్డు మీద వేసి గట్టిగా చదివించండి. ఏ దేశం మనిషి రాసుంటాడో ఊహించమనండి. ఎవరికి రాసుంటాడో అడగండి. దీన్ని అలాగే వాడొచ్చా, వాడకూడదా అడగండి. కొత్త మాట దొరికితే ఎక్కడ వెతకాలో చూపించండి. స్పానిష్ అకాడమీలన్నీ కలిసి 2010లో వేసిన లాటిన్ అమెరికా మాటల డిక్షనరీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది, ప్రతి మాట పక్కనా ఏ దేశంలో వాడతారో గుర్తు ఉంటుంది. బూతు అయితే అదీ రాసి ఉంటుంది. క్లాసులో దాని పేరు చెప్పినవాళ్లు నాకైతే తగల్లేదు.

మీకు నా విన్నపం ఒక్కటే. మళ్లీ ఈ కోర్సుల గురించి రాసేటప్పుడు ఇన్‌స్టిట్యూట్ వాళ్లని ఫీజు, ప్లేస్‌మెంట్ అడిగినట్టే ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. మీరు నేర్పేది ఏ దేశం స్పానిష్? మీ విద్యార్థులు కోర్సు అయ్యేలోపు ఆ దేశం మనుషులు నిజంగా రాసుకున్న మెసేజ్‌లు ఎన్ని చదువుతారు? వాళ్లు ఏం చెప్పినా, చెప్పకపోయినా, అలాగే అచ్చువేయండి. చేరబోయేవాళ్లు చూసుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మియాపూర్, హైదరాబాద్.